మెడదాకా నిండిన సీసా

1943వ సంవత్సరం శ్రావణమాసంలో బెంగళూరు నగరంలోని పాలన్నీ అధికారికంగా పులిసిపోయాయి. ఇళ్లల్లో జనం ఆ పాలనే కాచుకుని తాగుతూ, పాయసాలు వండుకుంటూ హాయిగా ఉన్నారనుకోండి. అది వాళ్ల అజ్ఞానం. బళేపేట వెనక సందులో వెలసిన పాలపరీక్షా కార్యాలయం మాత్రం రోజూ గోడమీద జాబితా అంటించి, ఎవరి పాలు ఎంత పులిశాయో చుక్కలతో సహా తేల్చి చెబుతూ ఉండేది.

పరీక్ష బహు శాస్త్రీయమైనది. కార్యాలయంలో ఒక పెద్ద గాజుసీసా, అందులో పులుపును విరిచే కాస్టిక్ సోడా కరిగించిన నీళ్లు. ఇన్ని నీళ్లకు ఇంత సోడా అని తూచి కలిపి, ఆ గాఢతకు గుర్తుగా ‘పదో వంతు నార్మల్’ అని చీటీ రాసి అంటించాడు అక్కడి కెమిస్టు. పది సీసీల పాలు తీసుకుని, వాటిలో రంగుమందు రెండు చుక్కలు వేసి, సీసాలోని ద్రావణాన్ని సన్నటి గొట్టంలోంచి బొట్టుబొట్టుగా వదలాలి. పాలు గులాబీరంగు తిరిగేలోపల రెండు సీసీలు ఖర్చయితే అవి మంచి పాలు. అంతకు మించి పట్టిందా, పులిసినవే. వాటిని మురుగుకాలవలో పోయిస్తారు. మూడుసార్లు అలా పోయించుకున్నవాళ్ల ఇత్తడిబిళ్ల లాక్కుంటారు. బిళ్ల లేనివాళ్లు నగరంలో పాలు అమ్మరాదు.

అప్పటికే యుద్ధం వచ్చిపడింది. కెమిస్టు పటాలానికి పోయాడు. కాస్టిక్ సోడా రావడం ఆగిపోయింది. సామాన్ల పట్టీలో మాత్రం ‘సీసా ఒకటి, మెడదాకా’ అని రాసి ఉంది. నెలనెలా తనిఖీకి వచ్చే దొరగారు సీసాను చూసేది మెడ దగ్గరే. అక్కడికి ఒక అంగుళం తగ్గినా అటెండరు సుబ్బరాయుడి ఉద్యోగం గోవిందా. సుబ్బరాయుడు పిల్లలుగలవాడు, బుద్ధిమంతుడు. ఏ రోజు ఎంత ఖర్చయితే అంత కొళాయి నీళ్లు పట్టి సీసాలో పోసేవాడు. చీటీమీద అక్షరాలు చెక్కుచెదరలేదు. కాబట్టి గాఢత కూడా చెక్కుచెదరలేదని కార్యాలయమంతా నిశ్చింతగా ఉంది.

రెండు సీసీలు పట్టే పాలకు రెండున్నర పట్టసాగింది, తరువాత మూడు, ఆపైన మూడున్నర. ఆహా, ఏమి పులుపు! పరీక్షాధికారి వెంకటేశప్పగారు ఒక విచారణ సంఘం వేశారు. సంఘంవారు ఏడుసార్లు సమావేశమై, ఏడుసార్లూ కాఫీ తాగి, పాలు బలే ఉన్నాయని మెచ్చుకుని, పాలు పులవడానికి కారణం కనుక్కున్నారు. విమానాలు! ఆ హోరుకు పశువుల గుండెలు అదిరి పొదుగులోనే పాలు పులుస్తున్నాయట. నగరానికి పాలిచ్చే ప్రతి పశువు చెవుల్లోనూ దూది పెట్టాలని ఉత్తర్వు వెలువడింది. చిక్కపేట దూది వర్తకులు దేశభక్తితో ధర రెట్టింపు చేశారు.

కె.ఆర్.పురం పిల్లమ్మ ఇరవై ఏళ్లుగా రైల్లో పాలబిందెలు తెచ్చి బళేపేటలో వాడికగా పోస్తోంది. ఒక చుక్క నీళ్లు కలిపి ఎరగదు. ఆవు చెవుల్లో దూది కూడా పెట్టింది. అయినా రెండుసార్లు ఆమె పాలు కాలవ పాలయ్యాయి. ఇంకొక్కసారి తప్పితే బిళ్ల పోతుంది. బిళ్ల పోతే ఆవును అమ్ముకోవాలి, ఆమెకున్నది ఆ ఒక్క ఆవే. ఏడుపు ముంచుకొచ్చింది, తరువాత కోపం ముంచుకొచ్చింది. మూడోరోజు బిందెలు ఇంట్లో పడేసి, కోడికూతకు ముందే బయల్దేరి, ఆవునూ దూడనూ తోలుకుని కార్యాలయం వాకిట్లో నిలబెట్టింది.

“సామీ, నీ కళ్ల ముందరే పితుకుతాను. ఇది కూడా పులిసిందంటే, ఆ తప్పు నాది కాదు, బ్రహ్మదేవునిది!” అంది.

పొదుగునుంచి పాలు నేరుగా గాజుగ్లాసులో పడ్డాయి. నురుగు చల్లారకుండానే సుబ్బరాయుడు గొట్టం తిప్పాడు. మూడున్నర సీసీలు! సందంతా గుమిగూడిన జనం చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టారో వాళ్లకూ తెలియదు.

వెంకటేశప్పగారు మెట్టెక్కి ఉపన్యసించారు. “మహాజనులారా! మా సంఘం చెప్పిన మాట ఈనాడు ప్రత్యక్షంగా రుజువైంది. పాలు పొదుగులోనే పులుస్తున్నాయి! ఈమె నిర్దోషి. నేరం ఆవుది. ఆవుకు ఇది మొదటి నేరం కనుక, ఒక రోజు గడువు దయచేస్తున్నాం.”

ఆవు తలాడించింది. ఒక చెవి దూది కిందపడింది. దాన్ని కూడా నివేదికలో చేర్చారు.

ఆవుకు నీళ్లు పెడదామని పెరట్లోకి పోయిన పిల్లమ్మకు కొళాయి దగ్గర సుబ్బరాయుడు కనిపించాడు, సీసా ఒళ్లో పెట్టుకుని.

“ఏమప్పా, దాంట్లోకి నీళ్లు పోస్తావుండావే?”

“పోయకుంటే తగ్గుతాదిమ్మా. తగ్గితే నా పని పోతాది.”

“పోస్తే మందు పలచబడదా?”

“చీటీ చూడక్కా. యాడన్నా పలచబడి ఉండాదా?”

నీళ్లు పోస్తే పలచనవుతుందని పిల్లమ్మకు ఒకరు చెప్పాలా! ఇరవై ఏళ్లుగా ఊరుఊరంతా ఆ విషయంలో అనుమానించింది ఆమెనే. పరుగున పోయి వెంకటేశప్పగారికి చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి, “సర్కారు సీసాలో నీళ్లున్నాయని యుద్ధకాలంలో అనకూడదమ్మా, జైల్లో పెడతారు” అని తండ్రిలాగా మందలించారు.

వాకిట్లో దిగాలుగా కూర్చున్న ఆమెను చూసి సుబ్బరాయుడికి జాలేసింది. అదే పేటలో పాలుపోసే దొడ్డప్ప పాలు దినామూ ఎట్ల పాసవుతాయో చెవిలో చెప్పాడు. “సగానికి సగం నీళ్లక్కా. పాలు సగమైతే పులుపూ సగమే గదా. మా సీసా ఎంత పలచనో ఆయన పాలూ అంతే పలచన. సరిగ్గా సరిపోతాది.” పాలలో కలిపిన నీళ్లను పట్టుకునే కొలగొట్టం, ఆ లాక్టోమీటరు, ఏమైందంటారా? అది పగిలి రెండేళ్లయింది. కొత్తది కావాలంటే పాతది పగల్లేదని రాసివ్వాలి.

ఆ రాత్రి పిల్లమ్మ అన్నం ముట్టలేదు. తెల్లవారి బిందె ముందర కూర్చుని చెంబుతో నీళ్లు కొలిచింది. సరిగ్గా సగం పోసింది. కార్యాలయంలో ఒకటీ ముప్పావు సీసీకే పాలు గులాబీరంగు తిరిగాయి. వెంకటేశప్పగారు ఆవు పశ్చాత్తాపాన్ని కొనియాడి, ‘ప్రథమశ్రేణి స్వచ్ఛత’ అని ముద్రగల పత్రం చేతిలో పెట్టారు.

జాబితాలో పిల్లమ్మ పేరు చూసి మూడు రోజులుగా పాలు మానేసిన బళేపేట సావిత్రమ్మ, ఆ పత్రం చూడగానే గిన్నె పట్టుకుని బయటికొచ్చింది. ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది.

“ఇవీ పాలంటే! ఇన్నాళ్లూ ఏం పోసినావో ఏమో తల్లీ, చిక్కగా, గొంతుకడ్డం పడేటట్టుండేవి. రేపట్నుంచి ఇంకో అరశేరు పొయ్యి, పాపకు కావాల.”

పాప మాట వినేసరికి పిల్లమ్మ ఉండబట్టలేకపోయింది. “అమ్మా, ఒట్టుపెట్టి చెబుతావుండాను, వీటిల్లో సగం నీళ్లేనమ్మా! నేనే పోసినాను!” అని ఏడ్చేసింది.

సావిత్రమ్మకు నవ్వాగలేదు. పత్రం మీది ముద్రను వేలితో చూపించింది.

“ఊరుకో పిల్లమ్మా. చదువుకున్నోళ్లు పరీక్షచేసి రాసిచ్చినారు. వాళ్లకన్నా నీకెక్కువ తెలుసునా?”