ఓమనీళ్ల దండయాత్ర

పెన్నయు పాపఘ్నియు తమలో చుక్క నీరు లేకపోయినను సంగమించుట మానక, ఇసుకను ఇసుకతో కలుపుకొని పడియున్న వేసవిలో, ఐరోపాలో రాజ్యములు కూలుచున్నవని మద్రాసు పత్రికలు ఘోషించుచున్న సంవత్సరమున, కమలాపురమునకు కోసెడు దూరములోని ఒక పల్లెలో, భేరి మ్రోగకయే, శంఖము పూరింపబడకయే, ఒక మహాసంగ్రామము ఆరంభమయ్యెను. వినువారలారా, ఆ సంగ్రామమున ఏనుగులు లేవు, గుర్రములు లేవు. ఉండవలసిన రెండు ఎద్దులలో ఒకటి అప్పటికే మరణించినది.

ఆ సమరమునకు నాయిక కృపమణి. జొన్నచేల కలుపుతీతయందు అప్రతిహతహస్తలాఘవ, నీటికడవలు మోయుటయందు అచంచలగ్రీవాదండ, అత్తగారి యెదుట మాత్రము నిరుద్ధకంఠ. ఆమె శత్రువు పరదేశమున లేడు. ఆమె ఏడేండ్ల కూతురు రత్నమణి నోటిలో కోట కట్టుకొని కూర్చుండెను. వాని పేరు మౌనము.

వాడు ఆ కోటలో ప్రవేశించిన విధము చెప్పవలెను. క్రిస్మసు పోయిన వారమున, కృపమణి భర్త లేవి కపిల బావిలో ఎద్దులతో నీరు తోలుచుండెను. ఎద్దులు వాలుబాట దిగినప్పుడు నిండిన బాన పైకి వచ్చును. ఎద్దులు వెనుకకు నడచి గట్టు చేరినప్పుడు బాన మరల దిగును. అట్లు వెనుకకు నడచిన జతలో ఒక ఎద్దు కాలిక్రింద గట్టురాయి జారెను, మోకు తెగెను, ఎద్దు బావిలో పడెను. రత్నమణి గట్టుననే యుండెను. ఆ ఎద్దు ఎంతసేపు అరచినదో ఆ బిడ్డకు తెలియును. ఆనాటి నుండి ఆమె తినును, మేకలను తోలును, పిలిచిన వచ్చును. ఈస్టరు పండుగ వచ్చి పోయినను మాట మాత్రము రాలేదు.

మాట పోయినది బిడ్డకొక్కతెకే యని ఊరు తలచెను. ఆ యింటి చీకటిలో కొంతసేపు కూర్చున్నవారికి వేరొకటి కూడ కనబడెడిది: ఎద్దు అను మాటయే అచ్చట వెలివేయబడెను. ఎవరైన కపిల అన్నంతనే లేవి తుండుగుడ్డ దులిపి భుజమున వేసికొని బయటికి నడచును. కృపమణి పొయ్యి ఊదును. మాట దాచుట నేర్చుకొన్న ఆ కుటుంబములో, బిడ్డ అందరికంటె చక్కగా నేర్చుకొన్నది.

పాదిరిగారు వచ్చి ప్రార్థన చేసిపోయిరి. అటుపిమ్మట అత్తగారు రణరంగమున దిగెను. బాప్తిస్మమున సారమ్మ అను పేరు పెట్టినను ఊరు ఒప్పుకొననందున సుంకులమ్మగానే మిగిలిపోయిన ఆ వృద్ధయోధురాలు తీర్పు చెప్పెను.

"ఇది గాలి చేష్టే. అమాసకు మంత్రాల కంబన్న కాడికి తోల్కపోదాం. పసుపుకొమ్ము కాల్చి మెడ మీద వాత పెడితే నోరు అదే వస్తాది."

"కాల్తే ఎవురైనా అరుస్తారు గదత్తా."

"అరిస్తే నోరు వచ్చినట్టే గదనే!"

'ఓ శ్వశ్రూవరేణ్యా! అగ్నిస్పర్శచే వాక్కు జనించునేని, మన పొయ్యిలోని కంపకట్టెలు ఈ పాటికి ఆదివార ప్రసంగములు చేయకుండునా! నా బిడ్డ కంఠమునకు నిప్పు సోకక మునుపు ఈ భుజములు నేలకొరగవలెను!' అని గర్జింపవలెనని కృపమణి హృదయమున మహాశబ్దమొకటి లేచెను. పెదవులు దాటినది ఇంత మాత్రమే:

"కడపకు పోయి మందు తెస్తా అత్తా."

"తే పో. అమాస లోపల."

ఆసుపత్రిలో మందు కావలెనన్న ఎవరి సీసా వారే తీసికొనిపోవలెను. కావున ఆమె ఆముదపు సీసాను బూడిదతో తోమి, ఎండబెట్టి, గుడ్డపీలిక బిరడాగా దోపి, ఒరలో ఖడ్గము చేర్చునట్లు నడుమున దోపుకొని, బిడ్డ చేయి పట్టుకొని, కమలాపురము స్టేషనులో అగ్నిధూమోద్గారియైన శకటము నెక్కి కడప ప్రవేశించెను.

ఆ ధర్మాసుపత్రి వసారాలో మూడు సేనలు బారులు తీరియుండెను: జ్వరముల వరుస, దెబ్బల వరుస, కండ్ల వరుస. మూడింటి ముఖద్వారమున దావీదురాజు అను కాంపౌండరు, బల్లయే సింహాసనముగా కొలువుండెను.

"ఏం నొప్పి?" అనెను తల ఎత్తకయే.

"నొప్పేం లేదు సామీ."

"జరమా?"

"లేదు."

"దెబ్బ తగిలిందా?"

"లేదు సామీ. బిడ్డ మాటాడ్దు."

అప్పుడు తల ఎత్తెను. "మాటాడదా! యాడ దొరికిందమ్మా నీకీ బిడ్డ? మా ఇంట్లో ముగ్గురుండారు, మార్చుకుందామా?"

జ్వరముల వరుస జ్వరము మరచి నవ్వెను. కృపమణి ఆ వరుసలో నిలిచెను; చేయి చల్లగా నున్నదని పంపివేసిరి. దెబ్బల వరుసలో గాయము చూపుమనిరి. కండ్ల వరుసలో ఒక కంటికి గుడ్డ కట్టుకొన్న ముసలివాడు రెండవ కంటితో ఆమెను పరీక్షించెను.

"మీ కండ్లు బాగుండాయి గదమ్మా. ఈడెందుకు నిలబడినారు?"

"యాడా చోటు లేదు పెద్దాయనా."

"అట్లయితే నిలబడుకో. నీడన్నా ఉండాది."

ఆ నీడలో కృపమణికి ఒక సంగతి బోధపడెను. శరీరమున ఎచ్చట నొప్పియో వ్రేలితో చూపలేని బాధకు ఈ లోకమున వరుస లేదు. అది తెలిసిన క్షణమున ఆమెలో భయము చచ్చెను. తిన్నగా వెనుకకు వచ్చి, సీసాను ధ్వజస్తంభమువలె దావీదురాజు బల్లమీద నిలిపి, బిడ్డను ఒడిలో పెట్టుకొని నేలపై కూలబడెను.

"జరుగమ్మా, దోవకడ్డం."

"ఏ వరసో చెప్పు సామీ. చెప్పేదాక ఈడనే ఉంటా."

"జరగవా?"

"జరగను."

ముట్టడి దీర్ఘముగా సాగెను. జ్వరములు ఆమెను చుట్టి పోవలసివచ్చెను, కుంటివారు దాటి పోవలసివచ్చెను, కండ్లవారు తొక్కి పోయిరి. ఆమె కదలలేదు. తుదకు ద్వారపాలకుడు నెత్తి గోకికొని, "పో తల్లీ, లోపలికి పో. ఏ వరసో డాక్టరమ్మే చెప్తాది" అని కోట తాళము ఇచ్చివేసెను.

లోపల ఏసుమణి డాక్టరమ్మ, రాజంపేట ఆడబిడ్డ, రత్నమణి గొంతు చూచెను, చెవి చూచెను. పిమ్మట కృపమణి వైపు తిరిగి, "బిడ్డ కండ్ల ముందర ఏమన్నా జరిగిందా?" అని అడిగెను.

కృపమణి ఒక్క ఊపిరిలో చెప్పివేసెను. చెప్పునంతసేపు బిడ్డ పిడికిలి తన కొంగులో బిగియుట ఆమెకు తెలియుచుండెను.

"ఆ ఎద్దు పేరేంది?"

కృపమణి నోరు తెరచెను. మాట రాలేదు. "ఆ పేరు మా ఇంట్లో అనమమ్మా" అని తల వంచెను.

"మీ ఇంట్లో మూగోళ్లు ఎంతమందమ్మా?"

కృపమణి ఆలోచించెను. అత్త తప్ప అందరును లెక్కకు వచ్చిరి.

"దీనికి సీసాలో మందు లేదమ్మా," అనెను డాక్టరమ్మ. "సందేళ అందరూ బిడ్డను పక్కన పెట్టుకోని కూచోండి. ఆ ఎద్దు సంగతి మాటాడుకోండి. బిడ్డను మాత్రం మాటాడమని అడగాకండి."

"నేను పోయి ఈ మాట చెప్తే మా అత్త వింటాదా? ఖాళీ సీసాతో పోతే అమాసకు వాత పెట్టిస్తాదమ్మా. ఏందో ఒగటి పోయండి."

"లేని మందు యాడ పోసేది?"

"నీళ్లయినా పోయండమ్మా. మీ చేత్తో పోయండి."

వైద్యశాస్త్రమునకును కోడలి యవస్థకును అచ్చట కొంతసేపు ద్వంద్వయుద్ధము జరిగెను. శాస్త్రము ఓడెను. డాక్టరమ్మ సీసాలో కడుపునొప్పికిచ్చు ఓమనీళ్లు పోసి, కొలతగీతల కాగితపు పట్టీ అంటించెను.

"అయితే ఇది బిడ్డకొక్కదానికే కాదు. ఇంట్లో అందరికీ తలా ఒక చెంచా. తాగినాక ఆ ఎద్దు మాటే మాటాడల్ల. అప్పుడే పనిచేస్తాది. నేను చెప్పినానని చెప్పు."

సుంకులమ్మ సీసాను దీపమునకు అడ్డముపెట్టి చూచెను, బిరడా తీసి వాసన చూచెను. "రోగం దానికైతే నేనెందుకు తాగల్ల?" అని గద్దించెను. కాని పట్టీమీది గీతలు ఆమెకు నచ్చెను. గీతలున్న మందు ఉత్తుత్తి మందు కాదు. కన్ను మూసికొని త్రాగెను. లేవి త్రాగి తలుపు వైపు చూచెను.

"యాడికి లేస్తాండావురా?" అనెను తల్లి. "మందు తాగినాక మాటాడల్లంట. పాడు చేస్తావా యేంది? కూచో."

మొదట సుంకులమ్మ ఒక్కతెయే మాటాడెను. ఎద్దును మైదుకూరు సంతలో కొన్నది, అది దూడప్పుడు సాకలోళ్ల కోక నమిలినది, లేవి పెండ్లిబండికి కట్టినది. "మైలోడు" అని పేరుతోనే చెప్పెను. ఆ పేరు వినినప్పుడెల్ల లేవి భుజములు కొరడా తగిలినట్లు అదరెను. లేవి అదరినప్పుడెల్ల రత్నమణి తండ్రిని చూచెను. సీసాలో నీరు గీత వెంబడి గీత దిగుచుండెను. ఆకసమున చంద్రుడును అట్లే తరుగుచుండెను.

అమావాస్య రేపనగా, ఆ సాయంత్రము చెంచా క్రింద పెట్టి లేవి నోరు విప్పెను.

"ఆ రాయి కదుల్తాండాదని నాకు తెలుసు. పొద్దున్నే చూసినా. రేపు సరిచేద్దాంలే అనుకున్యా." తుండుగుడ్డ ముఖమున కప్పుకొని, బిడ్డ యెదుటనే, ఆ పురుషుడు ఏడ్చెను.

కొడుకు ఏడ్చుట చూడలేక సుంకులమ్మ మాట మార్చుటకై తొందరపడెను. "పోనీలేరా. దాపటెద్దంటే వాడే దాపటెద్దు. కాడికి ఎడమపక్క వాడున్నంత కాలం..."

"వలప్పక్క."

దీపము నిలిచెను. కృపమణి చేతిలోని గరిటె నిలిచెను. మాట వచ్చిన దిక్కున రత్నమణి మోకాళ్లు కౌగిలించుకొని కూర్చుండెను. సుంకులమ్మ మాత్రము, ఎన్నడును వాదమున ఓడని అలవాటు చేత, ఆశ్చర్యపడుట మరచెను.

"వలప్పక్క యాడే! కుడిపక్క కాదు, దాపటే."

"వలప్పక్క. నేను మైలోడా అని పిలిస్తే వలప్పక్కోడే తిరిగి చూసినాడు. చూసి పడినాడు."

అంతట కృపమణికి కోట లోపలి భాగమంతయు కనబడెను. పిలిచిన గొంతే చంపినదని నమ్మి, ఆ గొంతును బిడ్డ ఇన్నాళ్లు ఎచ్చట దాచినదో కనబడెను.

లేవి తుండుగుడ్డ తీసి, ప్రాకుచు పోయి, బిడ్డను దగ్గరకు లాగికొనెను. "నువ్వు పిలిస్తే పడల్యా మా. రాయి జారి పడినాడు. నువ్వు పిలిచినావని చూసినాడు. అంతే మా."

చాలసేపు ఎవరును మాటాడలేదు. ఆ మౌనము వేరు. దానిలో కోట లేదు. సుంకులమ్మ మసక కన్నులతో మనుమరాలిని చూచి, గొంతు సవరించుకొనెను.

"సరే లేయే. వలప్పక్కే. నాదే తప్పు. రేపు కంబన్న కాడికి పోయే పని లేదులే."

వాన కురియలేదు. బావిగట్టున ఆ రాతిచోటు ఇంకను బోసిగానే యుండెను. రత్నమణి ఆ సాయంత్రము మరి యొక మాటయు పలుకక, సంకటి తిని, తండ్రి తొడపై తల పెట్టి నిద్రించెను. అయినను, చచ్చిన ఎద్దును కాడికి ఏ పక్కన కట్టెడివారను విషయమున, సకుటుంబసమక్షమున, దీపముసాక్షిగా, అజేయయగు సుంకులమ్మపై రత్నమణికి సంపూర్ణవిజయము సిద్ధించినదని ముల్లోకములకును ఇందుమూలముగా చాటడమైనది.