తిన్నారా అని అడిగినందుకు

ఆ బుధవారం జంపయ్య పనికి దిగే బొగ్గు బాయికి సెలవు. పొద్దున్నే అతను అనుకున్నది ఒకటే: వంకాయ, ఎండుచేప కలిపి కూర వండుకుని కడుపునిండా తిని పడుకోవాలి. ఇల్లందు సంతంతా తిరిగి వచ్చి, మధ్యాహ్నం మూడింటికి కూర పొయ్యి మీద పెట్టాడో లేదో, జర్మనీ నుంచి భార్య రోజారాణి ఫోన్. అక్కడ ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమంలో ఆమె నర్సు. ఆరు నెలలు పని చూసి గాని ఉద్యోగం పక్కా చేయరు. ఆ గడువు ఆ రోజుతో ఆఖరు. పక్కా కాకపోతే మూట సర్దుకుని రావాల్సిందే.

"రోజూ అందర్నీ తిన్నారా అని అడుగుతున్న గద, అదే తప్పయింది," అంది గొంతు తగ్గించి.

"అందుల తప్పేంది? మనకాడ ఎదురొచ్చినోన్నల్లా అడుగుతం."

"ఇక్కడ ఊకనే అడగరంట. ఒక మతిమరుపు ముసలమ్మ తిని కూడా తినలేదన్నది. నర్సు రోజూ అడుగుతుందంటే తిండి సరిగ పెడ్తలేరని ముసలమ్మ కొడుకు ఫిర్యాదు చేసిండు. ఇయ్యాల తనిఖీకి వస్తరంట."

జంపయ్యకు తన నీడ మీద కూడా నమ్మకం లేదు. "వంటోడే మింగుతుండు. పోయి గిన్నెలు చూడు."

"ఆయన మంచోడయ్యా."

"మంచోడైతే వంటింట్ల ఎందుకుంటడు? ఫోన్ బంద్ చెయ్యకు, జేబుల పెట్టుకో. నేను వింట."

గడప మీద కూర్చుని ఫోన్ చెవికి అదుముకున్నాడు. అవతల గిన్నెల మూతల చప్పుడైంది. వెంటనే ఎవరో మగమనిషి అరిచాడు. తలుపు ధడాలుమంది.

"గిన్నెలు నిండుగనే ఉన్నయి," రోజారాణి గుసగుసలాడింది. "దొంగను చేసిన్రని వంటాయన ఎల్లిపోయిండు. ఇంక ఎవర్నీ తిన్నారా అని అడగొద్దని ఆశ్రమం నడిపే మేడం ఆర్డర్ వేసింది. నీ మాట విన్న, నాకు బుద్ధి లేదు."

ఫోన్‌లో ఆమె వెనక ఎవరో నవ్వారు.

"ఎవడే నవ్వేటోడు?"

"తొంభై ఏండ్ల తాత."

"అయితే ఏంది, మొగోడే గద. ఇగ నోరు మూసుకుని ప్లేట్లు పెట్టు."

ఆమె అలాగే చేసింది. తర్వాత చెంచా చప్పుడు కూడా లేదు. తనిఖీ ఆఫీసరు వచ్చేసరికి ముసలివాళ్లంతా ముట్టని ప్లేట్ల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారట. రోజూ అడిగే నర్సు ఇవాళ అడగడం లేదంటే తిండిలో ఏదో కలిపారని వాళ్ల అనుమానం.

మేడం పరుగున వచ్చి, ఎప్పటిలాగే అడగమని రోజారాణి చెయ్యి పట్టుకుంది. రోజారాణి బల్లబల్లకూ వెళ్లి అడిగింది. అడిగిన చోటల్లా చెంచాలు లేచాయి. ఆఫీసరు తాను కూడా ఒక ప్లేటు అడిగి తిన్నాడట.

"పక్కా చేసిన్రు," అంది రోజారాణి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "రోజూ అడుగుడు ఇగ నా డ్యూటీనే అంట. ఉంట మరి, ఇంకో బల్ల కాడికి పోవాలె."

ఫోన్ ఆగాక గాని జంపయ్యకు మాడు వాసన తగల్లేదు. కూర బొగ్గయింది.

ఆశ్రమం మొత్తాన్నీ తిన్నారా అని అడిగిన మనిషి, ఆ పూట అడగనిది ఒక్క జంపయ్యనే.