పనిచేస్తున్న లిఫ్టుకు ఆధారం కావలెను

మానవజాతి సంపాదించిన జ్ఞానాన్ని ఎవరైనా, ఎక్కడినుంచైనా, ఏ వేళనైనా సరిదిద్దవచ్చు. సర్వజన విజ్ఞానకోశం మొదటి పేజీలో ఈ మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ స్వేచ్ఛను ఎలా వాడుకోవాలో చెప్పే నూట నలభై రెండు నియమాలు దాని కింద చిన్న అక్షరాల్లో ఉంటాయి. (నూట నలభై మూడోది కూడా ఉంది. నియమాలు మరీ ఎక్కువయ్యాయని ఫిర్యాదు చేసే పద్ధతిని అది వివరిస్తుంది.)

ఆ కోశాన్ని కంటికి రెప్పలా కాపాడే స్వచ్ఛంద సంపాదకుల సంఘం ఒక పాత అయిదంతస్తుల భవనంలో, నాలుగో అంతస్తులో ఉండేది. ఆ భవనంలో ఒక లిఫ్టు ఉండేది. లిఫ్టులో, మడత పడే ఇనప తలుపు పక్కన ముక్కాలిపీట వేసుకుని, ఇరవై ఆరేళ్లుగా లిఫ్టు బాబాయి కూర్చునేవాడు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది గానీ దాంతో ఎవరికీ పని పడలేదు.

లిఫ్టు పనిచేసేది. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. తర్వాత చెబితే ఎవరూ నమ్మరు.

విజ్ఞానకోశంలో ఆ భవనం గురించి ఒక వ్యాసం ఉంది. అందులో మూడో పేరాలో "ఈ భవనంలోని లిఫ్టు పనిచేయదు" అని ఉంది. కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం ఎవరో మెట్లెక్కి వచ్చి, ఆ ఆయాసంలో రాసి ఉంటారు. అరగంటకు కరెంటు వచ్చింది గానీ వాక్యం అలాగే ఉండిపోయింది. ఆనాటి నుంచి సంఘంలోని పదకొండు మందీ నోరెత్తకుండా మెట్లే ఎక్కుతున్నారు.

వారిలో అధ్యక్షులవారిది మరీ అవస్థ. అరవై ఎనిమిదేళ్ల మనిషి, రెండు మోకాళ్లూ నొప్పే. అంతస్తుకొకసారి గోడ పట్టుకుని ఆగి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ బయలుదేరేవారు. బాబాయికి చూసి చూసి ప్రాణం ఉసూరుమనేది.

"సార్, లోపలికి రండి. నిమిషంలో చేర్చేస్తాను."

"చాలా సంతోషమయ్యా. కానీ ఇది పనిచెయ్యదు కదా."

"ఇప్పుడే అయిదో అంతస్తు నుంచి ఇందులోనే దిగాను సార్!"

"అది నీ సొంత అనుభవం" అని అధ్యక్షులవారు ఆప్యాయంగా భుజం తట్టి, మెట్ల వైపు నడిచేవారు.

ఇది ఇలాగే సాగిపోయేదేమో గానీ, భవనం మేనేజరు ఒకరోజు అనవసరపు ఉద్యోగాల జాబితా తయారుచేయడానికి కూర్చున్నాడు. ఆయన గది తలుపు తీస్తే ఎదురుగా లిఫ్టే.

"లిఫ్టే పనిచెయ్యనప్పుడు నీతో పనేముంది బాబాయ్? దీన్ని మూసేసి చీపుళ్ల గది చేద్దామంటున్నారు ఓనర్లు."

"అదేంటి బాబూ! పొద్దున్న డాబా మీదికి మీరు దీంట్లోనే కదా వెళ్లొచ్చింది?"

"వెళ్లాననుకో. నా మాట ఎవరు వింటారు? వాళ్లు ఫోన్లో చూసుకుంటారు. అందులో ఆ ఒక్క ముక్కా మార్పించుకో, ఈ జాబితాలోంచి నీ పేరు కొట్టేస్తాను. నెలాఖరు దాకా టైముంది."

ఇరవై ఆరేళ్లు ఒక ఇత్తడి పిడిని పైకీ కిందికీ తిప్పినవాడికి ఇంకో పని ఏం వస్తుంది? ఇంటికి వెళ్లి కోడలికి చెప్పుకున్నాడు. ఆమె కుట్టుమిషన్ ఆపి ఫోన్ అందుకుంది.

"ఓస్, ఇంతేనా మావయ్యా! ఎవరైనా మార్చొచ్చని ఇక్కడే రాశారుగా."

మార్చింది. బాబాయి కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చేలోగా జవాబు వచ్చింది. "విజ్ఞానకోశానికి స్వాగతం! మీ కృషి అమూల్యమైనది. దాన్ని తొలగించాం."

ఆధారం లేదన్నారు. కోడలు ఫొటో పెట్టింది. ఫొటోలో లిఫ్టు కదులుతున్నట్టు కనిపించడం లేదన్నారు. వీడియో పెట్టింది. అది సొంత పరిశోధన కిందికి వస్తుందనీ, కోశం పరిశోధనలు చేపట్టదనీ అన్నారు. చివరికి, ఈ మాట చెబుతున్నది ఇరవై ఆరేళ్లుగా ఆ లిఫ్టు నడుపుతున్న మనిషేనని రాసింది. దాంతో అసలుకే మోసం వచ్చింది. లిఫ్టుతో దగ్గరి సంబంధం ఉన్నవారు లిఫ్టు గురించి రాయకూడదని ముప్ఫై ఎనిమిదో నియమం.

"మరి సంబంధం లేనివాళ్లకి అది నడుస్తోందని ఎలా తెలుస్తుంది మావయ్యా?" అని మండిపడి, ఆ ప్రశ్న అక్కడే అడిగేసింది కూడా. ఆమె స్వరం కటువుగా ఉందనీ, ఎదుటివారి మంచితనాన్ని నమ్మాలని ఆరో నియమం చెబుతోందనీ జవాబు వచ్చింది. (మాటను నమ్మాలని ఏ నియమమూ చెప్పదు.)

ఇక లాభం లేదని బాబాయే నాలుగో అంతస్తుకు వెళ్లాడు. లిఫ్టులోనే వెళ్లాడు. సమావేశంలో ఉన్న పదకొండు మంది ముందూ చేతులు కట్టుకుని, "అయ్యా, నేనిప్పుడు దాంట్లోనే వచ్చానండి" అన్నాడు. అందరూ జాలిగా మొహమొహాలు చూసుకున్నారు. ఆనాటి సమావేశపు పుస్తకంలో "సభ్యుడు కాని వ్యక్తి ఒకరు తెలియని మార్గంలో నాలుగో అంతస్తుకు చేరుకున్నారు" అని రాసుకున్నారు.

నెలాఖరుకు ఇంకా ఆరు రోజులున్నాయనగా అధ్యక్షులవారు మూడో అంతస్తు మెట్ల దగ్గర కుప్పకూలిపోయారు. చప్పుడు విని బాబాయి లిఫ్టును ఆ అంతస్తులో ఆపి పరుగెత్తాడు. ఆయన్ని చంకల కింద చేతులు వేసి లేపి, లిఫ్టులోకి చేర్చి, తన పీట మీదే కూర్చోబెట్టి, పిడి తిప్పాడు. రెండో అంతస్తు దాటుతుండగా ఆయన కళ్లు తెరిచారు.

"ఇది... కిందికి వెళుతోందేమయ్యా?"

"వెళుతోంది సార్."

"సాఫీగానే వెళుతోందే!"

బాబాయి పిడి వదలకుండానే ఆయన వైపు తిరిగాడు. "ఇక మీరే రాస్తారు కదా సార్?"

అధ్యక్షులవారు అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇంకెలా రాయనయ్యా? ఇప్పుడు నాకూ దీంతో సంబంధం ఏర్పడిపోయింది." ఆ సాయంత్రమే, ఆ వాక్యం మీద జరిగే చర్చలో ఇకపై నోరు విప్పనని సంఘానికి లేఖ రాసి ఇచ్చారు.

అయితే మర్నాడు పేపర్లో, లోపలి పేజీలో, నాలుగు లైన్ల వార్త పడింది. స్పృహ తప్పిన పెద్దమనిషిని లిఫ్టులో కిందికి చేర్చి కాపాడారట. కోడలు ఎగిరి గంతేసినంత పని చేసి దాన్ని పంపించింది. సంఘం కూడా పరవశించిపోయింది. స్వతంత్రమైన ఆధారం! మిగతా పదిమంది సంపాదకులూ ఒక్క గొంతుతో ఒప్పుకున్నారు. ఇక మిగిలింది తొంభై ఒకటో నియమం మాత్రమే. అభ్యంతరాల కోసం ఏడు రోజులు ఆగాలి.

ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అయిదో రోజున నెల అయిపోయింది.

"రెండంటే రెండు రోజులు ఆగండి బాబూ" అని బాబాయి బతిమాలాడు.

"ఆగేవాణ్ణే బాబాయ్. కానీ ఇవాళ్టికి అందులో పనిచెయ్యదనే ఉందిగా" అని మేనేజరు నిజంగానే నొచ్చుకుంటూ కరెంటు తీగ కోయించి, ఇనప తలుపుకు తాళం వేయించాడు. పాత మనిషిని వదులుకోలేక మెట్లు ఊడ్చే పనిలో పెట్టుకుని, ఆ తాళంచెవి కూడా బాబాయి చేతికే ఇచ్చాడు. చీపుళ్లు అందులోనే ఉంటాయి మరి.

ఎనిమిదో రోజు పొద్దున బాబాయి మూడో అంతస్తు నుంచి ఊడ్చుకుంటూ కిందికి దిగేసరికి, లిఫ్టు ముందు పదకొండు మందీ వరుసగా నిలబడి ఉన్నారు. అందరికంటే ముందున్న అధ్యక్షులవారు మీట నొక్కుతూ వెలిగిపోతున్నారు.

"సాధించావయ్యా! రాత్రే మార్చారు. 'లిఫ్టు పనిచేస్తుంది' అని ఎంత స్పష్టంగా రాశారో!"

"సార్, దీన్ని ఆపేశారండి" అన్నాడు బాబాయి. "కరెంటు పీకేశారు. తాళం కూడా వేశారు. లోపల చీపుళ్లున్నాయి, చూడండి."

అధ్యక్షులవారు ఇనప తలుపు సందుల్లోంచి చీపుళ్లను చాలాసేపు చూశారు. తర్వాత బాబాయి వైపు తిరిగి, ఎంతో ప్రేమగా అడిగారు.

"ఆధారం ఏమైనా ఉందా?"