చీజ్ కరగని కేసు

"ఈ ఫోన్ చేస్తున్నది పొడుగాటి మగమనిషి. ఎడమచేతి వాటం. మనసులో ఏదో ఘోరం దాచుకున్నాడు," అని ప్రకటించాడు భర్త, మోగుతున్న ఫోన్‌ను రెండు వేళ్ళతో పట్టుకుని భార్యకు అందిస్తూ. "మోత విని చెప్పాను. ఇలాంటి మెదడు నూరేళ్ళకొకటి పుడుతుంది. మన అదృష్టం కొద్దీ మనింట్లోనే ఉంది."

ఫోన్ చేసింది వీధి చివర కాఫీ షాపు యజమానురాలు. మనిషి గట్టిగా అయిదడుగులు ఉండదు. నిన్న భార్య మొహమాటపడుతూ ఇచ్చి వచ్చిన తీపి చీజ్ శాండ్‌విచ్‌ను ఆవిడ తమ చేదు కాఫీతో కలిపి తిని చూసిందట. రెండింటికీ ఈడూజోడూ కుదిరిందట. రేపు ఉదయం ఎనిమిదింటికి షాపు వంటగదిలో తన కళ్ళ ముందు చేసి చూపిస్తే కాఫీ పక్కనే బోర్డు మీద రాయిస్తానంది. చెయ్యలేనంటే మాత్రం ఈ సాయంత్రంలోగా చెప్పేయమంది.

భార్య ఫోన్ పెట్టేసి వంటింట్లో గిర్రున తిరిగింది. పెళ్ళయి నలభై ఒక్క రోజులు. ఒకే కొక్కేనికి రెండు కప్పులు వేలాడుతుంటేనే మురిసిపోయే మనిషి ఆమె. ఇక తన చేతి వంట ఊరి జనం చదివే బోర్డు ఎక్కుతుందంటే కాలు నేల మీద నిలుస్తుందా?

భర్త పగలు బీమా ఆఫీసులో ఫైళ్ళు సర్దుతాడు. మిగతా వేళల్లో డిటెక్టివు. ఇంతవరకూ ఛేదించింది ఒక్కటే కేసు. ఆఫీసులో పోయిన తన గొడుగు కోసం మూడు రోజులు అందరినీ ప్రశ్నించాక అది తన భుజానికే వేలాడుతూ దొరికింది. లోపలివాళ్ళ పనేనని మొదటిరోజే చెప్పానుగా అంటాడు.

ఆమె సాధన మొదలుపెట్టింది. బ్రెడ్డుకు బయట వెన్న. లోపల చీజ్, అరటిపండు చక్రాలు, చాక్లెట్ తురుము, చిటికెడు దాల్చినచెక్క పొడి. మంట పెద్దది చేసింది, రెండు క్షణాలకోసారి బ్రెడ్డు అంచు ఎత్తి చూసింది. బ్రెడ్డు బొగ్గయింది. లోపల చీజ్ మాత్రం అలిగిన చుట్టంలా బిగుసుకుని కూర్చుంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. నిన్నటి చీజే, నిన్నటి పెనమే, నిన్నటి చెయ్యే. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. షాపుకి ఫోన్ చేసి నాకు చేతకాదని చెప్పేస్తానంది.

భర్త మాడిన ముక్కను వాసన చూసి గొంతు తగ్గించాడు. "ఇది ప్రమాదం కాదు. కుట్ర. ఎవరో మన చీజ్‌ను మార్చేశారు."

"ఎవరండీ, డిటెక్టివ్ గారూ?"

"నిన్న సాయంత్రం ఈ ఇంటి ఛాయలకు వచ్చిన ఒకే ఒక్క వ్యక్తి. పై అంతస్తు పిన్నిగారు. గుమ్మంలో జల్లెడ వదిలి దొరికిపోయింది."

పెనం మీద నాలుగో శాండ్‌విచ్ అప్పుడే రెండోవైపు తిరగబడింది. అతను చటుక్కున పొయ్యి ఆర్పేసి, పెనం మీద బరువైన మూత పెట్టాడు. సాక్ష్యం చెడిపోకూడదట, నేరస్థలాన్ని ఎవరూ ముట్టకూడదట. ఆమె చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు.

పిన్నిగారు రిటైరైన లెక్కల టీచరు. నిన్న ఆరింటికి ఎక్కడున్నారో దాచకుండా చెప్పమంటే ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది.

"మీ గుమ్మంలోనే నాయనా. మీ జల్లెడ తిరిగి ఇద్దామని అయిదుసార్లు బెల్లు కొట్టాను. మీరిద్దరేమో బాల్కనీలో వాన చూస్తూ ప్రపంచాన్ని మరిచిపోయారు. పావుగంట నిలబడి, జల్లెడ అక్కడే పెట్టి వచ్చేశాను. బెల్లు వినపడని డిటెక్టివుని ఇప్పుడే చూస్తున్నా."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. అతను మాత్రం 'అనుమానితురాలు మాట మారుస్తోంది' అని పుస్తకంలో రాసుకున్నాడు.

కిందికి వచ్చి ఆమె నిరాశగా మూత ఎత్తింది. బ్రెడ్డు బంగారు రంగులో ఉంది. చీజూ చాక్లెట్టూ కరిగి ఒకటై, అంచుల నుంచి మెల్లగా జారుతున్నాయి. అప్పుడు వెలిగింది ఆమెకు. నిన్న వాన మొదలవగానే ఇతను పిలిస్తే, పొయ్యి ఆర్పి, మూతేసి పరిగెత్తింది. చీజ్‌ను కరిగించింది మంట కాదు, తను దాని జోలికి వెళ్ళని ఆ పావుగంట.

"చూశావా," అన్నాడు భర్త. "విచారణకు దడిసి నేరస్థురాలు అసలు చీజ్‌ను వెనక్కి పెట్టేసింది."

ఆమె రెండు కప్పుల్లో కాఫీ పోసి, శాండ్‌విచ్‌ను సగానికి కోసి, పెద్ద సగం అతని వైపు జరిపింది. ఒక ముక్క, ఒక గుక్క.

"రేపు ఎనిమిదింటికి నువ్వూ షాపుకి వస్తున్నావు," అంది ఆమె. "పొయ్యి ఆర్పి మూత పెట్టగానే నన్ను బయటికి లాక్కుపోవాలి. లేకపోతే మూతెత్తి చూడకుండా ఉండలేను. పావుగంట ఎవరినైనా విచారిద్దాం."

"ఎవరిని?"

"ఎవరినైనా. వీధినిండా జనమేగా."