కోరీ మంచం ఏ కౌంటీలో ఉంది?

వర్జిల్ స్ట్రౌడ్ లాంటి పొరుగువాడు పగవాడికి కూడా ఉండకూడదు. తన గడ్డి కోసే బండి కనబడకపోతే మనిషన్నవాడు కంచె దగ్గరికొచ్చి ఓ మాట అడుగుతాడు. వర్జిల్ నేరుగా షెరీఫ్‌కి ఫోన్ చేశాడు. ఆ బండి మీద పక్కింటి మార్విన్ కూతురు, పదిహేనేళ్ల కోరీ, నాలుగు మైళ్లు పోయి ఐస్‌క్రీమ్ దుకాణం ముందు దొరికింది. దుకాణం పక్క కౌంటీ టిబ్స్‌లో ఉంది కాబట్టి కేసు అక్కడి బాలల కోర్టులో పడింది.

టిబ్స్ కోర్టు యాభై మైళ్ల దూరం. వాయిదా ప్రతి గురువారం. "ఇంకొక్క గురువారం నాగా పెట్టావో, ఇక శుక్రవారం కూడా రానక్కర్లేదు" అని దాణా మిల్లు యజమాని చెప్పేశాడు. మార్లో కౌంటీ కోర్టయితే మిల్లుకి ఎదురుగానే ఉంది. అందుకని ఆ గురువారం పొద్దున మార్విన్ అనుకున్నది చాలా చిన్న పని: పదింటికల్లా కేసును మార్లోకి బదిలీ చేయించి, మధ్యాహ్నానికి మిల్లులో ఉండడం.

"పిల్ల ఎక్కడుంటే కేసు అక్కడికి పంపుతాం. మీ ఇల్లు ఏ కౌంటీ అండీ?" అంది టిబ్స్ కోర్టు గుమస్తా ఓపల్.

"రెండూనండీ. తూర్పున వంటిల్లు మీ టిబ్స్‌లో, పడమర పడగ్గదులు మార్లోలో. సరిహద్దు మా నడవలోంచి పోతుంది."

ఓపల్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అయితే పిల్ల మంచం ఎటుందో చెప్పండి."

"దాని గది మార్లోలోనండీ."

అబద్ధం కాదు. గది అక్కడే ఉంది. కోరీ మాత్రం అందులో పడుకోవడం లేదు.

వారం తిరక్కుండా మార్లో ప్రొబేషన్ ఆఫీసరు ఇల్లు చూడ్డానికొచ్చాడు. మంచం వంటింట్లో పొయ్యి పక్కన ఉంది.

"ఇక్కడెందుకమ్మా?"

"నాన్న గురకండీ. ఆ గోడ ఉన్నా లేనట్టే."

ఫైలు టిబ్స్‌కి తిరిగొచ్చింది. మార్విన్ మంచాన్ని పడగ్గదిలోకి లాగాడు. టిబ్స్ ఆఫీసరమ్మ వచ్చి, చూసి, ఫైలును మళ్లీ మార్లోకి తోలింది. మార్లో నమ్మలేదు. పండక్కి వెళ్లొచ్చిన అల్లుడిలా ఫైలు ప్రతి ప్రయాణానికీ కాస్త లావెక్కుతూ పోయింది. మార్విన్ గురువారాలు కరిగిపోతూనే ఉన్నాయి, మిల్లు యజమాని ప్రతిసారీ "ఇదే ఆఖరు" అంటూనే ఉన్నాడు.

చివరికి ఆఫీసర్లిద్దరూ కలిసే వచ్చారు. నాన్న గురకకీ కోపానికీ మధ్యేమార్గంగా కోరీ మంచం నడవలో వేసుకుంది: తల టిబ్స్‌లో, కాళ్లు మార్లోలో.

"తల ఎక్కడుంటే మనిషి అక్కడున్నట్టే. కేసు మీదే" అన్నాడు మార్లో ఆఫీసరు.

"బండి తొక్కింది కాళ్లు కదండీ. అవి మీ వైపే ఉన్నాయి" అంది టిబ్స్ ఆవిడ.

"పోనీ, ముడుచుకుని పడుకోనా?" అంది కోరీ.

"నువ్వు నోర్మూసుకో తల్లీ!" అన్నాడు మార్విన్.

విసుగెత్తిన టిబ్స్ జడ్జి సర్వే చేయించమన్నాడు. సర్వేయరు రోడ్డు పక్క మట్టిలో పూడిపోయిన పాత హద్దురాయిని తవ్వి తీశాడు. అసలు సరిహద్దు నడవలో లేనే లేదు. నలభై అడుగులు తూర్పున, రోడ్డు మీద ఉంది. ఇల్లంతా మార్లోదే! మార్విన్ టోపీ గాల్లోకి ఎగరేశాడు. మార్లో జడ్జి పది నిమిషాల్లో తేల్చేశాడు: ఈ వేసవంతా కోరీ వర్జిల్ పచ్చిక కోయాలి, అదీ వర్జిల్ బండితోనే. అంతటితో కేసు సరి. మార్విన్ ఉద్యోగమూ నిలిచింది.

కోర్టు మెట్ల మీద వర్జిల్ చేతిలో కాగితంతో నిలబడి ఉన్నాడు.

"మార్విన్, నీ దస్తావేజులో 'సరిహద్దు నుంచి పడమరకి ఆరు వందల అడుగులు' అనేగా ఉంది?"

"ఉంటే?"

"సరిహద్దు నలభై అడుగులు తూర్పుకి జరిగింది. పడమర మనిద్దరి మధ్య ఉన్న నీ కంచె కూడా జరగొద్దూ?"

"తూర్పున నాకు నలభై కలుస్తుందిగా!"

"కలుస్తుంది. సగం నీ వంటిల్లే. మిగతా సగం రోడ్డు."

వెడల్పు నలభై అడుగులు, పొడవు ఎనిమిది వందలు. కోరీ కోయాల్సిన పచ్చికకు కొత్తగా డెబ్భై మూడు సెంట్లు కలిసింది. మొన్నటిదాకా అది వాళ్ల నాన్నది.