స్పీకరు పక్క టేబులే కావాలి

కాపురాలు నిలబెట్టేది ప్రేమ అని చెప్పినవాళ్లెవరూ హోటల్లో స్పీకరు పక్కన కూర్చుని భోజనం చేసి ఉండరు. చేసి ఉంటే ఆ మాట అనరు. నడివయసు దంపతుల్ని ఇవాళ ఒకే ఇంట్లో ఉంచుతున్నది ప్రేమా కాదు, పిల్లలూ కాదు, బ్యాంకు అప్పూ కాదు. లైవ్ మ్యూజిక్!

నవ్వకండి. నేను కోళ్ల ఫారం వాణ్ణి. ఊరి బడిలో చదివింది తక్కువ, మాట్లాడేది అంతకన్నా తక్కువ. చూసేది మాత్రం కాస్త ఎక్కువ. కోళ్లతో బతికేవాడికి చూడటం తప్ప వేరే దారి లేదు. అవి నోరు తెరిచి ఒంట్లో బాగోలేదని చెప్పవు కదా!

ఆ కోళ్ల సంగతే తీసుకోండి. షెడ్డు పక్కన లారీ టైరు పేలిందంటే చాలు, అన్నీ కలిసి ఒకే మూలకి పరుగెత్తి ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. అడుగున పడ్డవి ఊపిరాడక చస్తాయి. బతికినవి కొన్నాళ్లపాటు సరిగ్గా గుడ్లు పెట్టవు. మనిషి అలా బెదిరిపోతాడా? అదే చప్పుడు సాయంత్రం పూట నాలుగు స్పీకర్లలోంచి వదిలి చూడండి. ముందుగా టేబులు బుక్ చేసుకుని, కొత్త చొక్కా వేసుకుని, కుటుంబంతో సహా వచ్చి కూర్చుని సూపు తాగుతాడు. మనిషి పుట్టుక గొప్పదని చెప్పడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఈ వరం నాకెలా దొరికిందో చెబుతాను.

ఒకరోజు మా ఆవిడ, "మీతో ఒక మాట మాట్లాడాలి" అంది. పెళ్లయిన మగవాళ్లకి ఈ వాక్యానికి అర్థం చెప్పక్కర్లేదు. నేను వెంటనే షెడ్డులో నీళ్ల పైపు చూడటానికి వెళ్లిపోయాను. మర్నాడు మళ్లీ అంది. దాణా లారీ వచ్చిందన్నాను. లారీ రాలేదు. అయినా వెళ్లి గేటు దగ్గర దాని కోసం చాలాసేపు నిలబడ్డాను. అబద్ధమాడినా నిజాయితీగా ఆడాలి కదా!

ఆమె మాట్లాడాలనుకున్నది ఏమిటో నాకు ముందే తెలుసు. మా బావమరిది చెప్పేశాడు. పట్నంలో నర్సింగు చదువుకునే ఆడపిల్లల హాస్టలు ఒకటుంది. దానికి వార్డెన్ కావాలి. ప్రిన్సిపాల్ గారు మా ఆవిణ్ణి చూసి, నాలుగు మాటలు మాట్లాడి, మీరే రండి అన్నారు. వెళ్తే అక్కడే ఉండాలి. శనివారం ఇంటికొచ్చి ఆదివారం సాయంత్రానికి వెళ్లిపోవాలి. నెలాఖరులోగా అవునో కాదో చెప్పాలి.

ఆమెకి వెళ్లాలని ఉంది. నాకు ఆ విషయం మాట్లాడాలని లేదు. మాట్లాడకుండా ఉంటే నెలాఖరు దానంతట అదే వచ్చి పోతుంది. ఇందులో నా తప్పేముంది? క్యాలెండర్లు నేను అచ్చు వేయను.

"ఇంట్లో అయితే మీరు దొరకరు" అంది మా ఆవిడ. "బయటెక్కడైనా కూర్చుందాం. లేచి పారిపోవడానికి షెడ్డు లేని చోట."

న్యాయమైన కోరికే. సరేనన్నాను. పట్నంలో ఉన్న బావమరిదికి ఫోన్ చేశాను. వాడికి ప్రతిదానికీ స్టార్లు వేసే జబ్బుంది. ఒకసారి జ్వరమొస్తే ఇంజెక్షన్ చేయించుకుని, బయటికొచ్చి ఆ సూదికి కూడా మూడు స్టార్లు వేశాడు.

"ఎలాంటి హోటల్ కావాలి బావా? రొమాంటిక్‌గానా? ఫ్యామిలీగానా? లైవ్లీగానా?"

"లైవ్లీ అంటే?"

"బ్యాండ్ ఉంటుంది. డ్రమ్స్ వాయిస్తారు. పక్కనున్న మనిషి ఏమంటున్నాడో కూడా తెలీదనుకో! అంత ఎంజాయ్ చేయొచ్చు."

"అదే చూడు" అన్నాను.

"అబ్బో! ఈ వయసులో!" అని నవ్వాడు వాడు. "మా అక్క అదృష్టవంతురాలు బావా."

అదృష్టవంతురాలే. కాదని ఎవరన్నారు?

అయితే తొందరపడి ఏ హోటల్లో పడితే ఆ హోటల్లో కూర్చోకూడదని అనుభవం మీద చెబుతున్నాను. మేం మొదట వెళ్లిన చోట ఒక బక్కపల్చటి మనిషి స్టూలు మీద కూర్చుని, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా పాడుతున్నాడు. పాటకీ పాటకీ మధ్య గిటారు తీగలు బిగించుకుంటాడు. అంతసేపూ హోటలంతా నిశ్శబ్దం! ఇలాంటి హోటళ్లకి లైసెన్సులు ఎవరిస్తున్నారు? మా ఆవిడ చెంచా కింద పెట్టి, "సంగతేంటంటే" అనేసరికి నాకు పన్ను నొప్పి పట్టుకుంది. సగం భోజనం వదిలేసి ఇంటికొచ్చేశాం. బావమరిదికి చెప్పి ఆ హోటలుకి ఒక స్టారు తీయించాను.

తర్వాతిది మేడ మీద. శాక్సఫోన్ ఊదేవాడు దమ్మున్నవాడే. కానీ పైన కప్పు లేదు కదా, వాడి కష్టమంతా ఆకాశానికి పోతోంది. మాకేమీ మిగల్లేదు. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఆమె గొంతు నాకు స్పష్టంగా వినపడింది. ఆ పూట ఐస్‌క్రీమ్ గబగబా మింగి గొంతు పట్టేసిందని సైగ చేసి బయటపడ్డాను.

మూడోది దొరికింది చూడండి! తక్కువ ఎత్తు కప్పు, నాలుగు గోడలు, నలుగురు మనుషుల బ్యాండు. తలుపు తీయగానే చప్పుడు ఎదురొచ్చి గుండె మీద చెయ్యేసి వెనక్కి తోస్తుంది. మేనేజరు మమ్మల్ని దూరంగా కిటికీ పక్కకి తీసుకెళ్లబోయాడు. నేను స్పీకరు వైపు చూపించాను.

"సార్, ఆ టేబుల్ ఎవరూ అడగరు" అని నా చెవిలో అరిచాడు.

"మాకు సంగీతమంటే ప్రాణం" అని అతని చెవిలో అరిచాను. ఆ వారమంతా కలిపి నేను మాట్లాడిన అతి పెద్ద వాక్యం అదే.

ఆ హోటల్లో నేను చూసిన అద్భుతాలు ఒకటా రెండా!

మా పక్క టేబుల్లో రిటైరైన గుమస్తా గారూ ఆయన భార్యా ప్రతి శనివారం వస్తారు. ఎదురెదురుగా కూర్చుని ఫోన్లో ఒకరికొకరు మెసేజీలు పెట్టుకుంటారు. "ఉప్పు ఇటు ఇవ్వు" అని ఆయన పెడితే, ఆవిడ చదివి, కళ్లజోడు తీసి, ఉప్పు ఇచ్చి, మళ్లీ కళ్లజోడు పెట్టుకుని, "మీకు బీపీ" అని పెడుతుంది. ఇంతలో ఆయన ఉప్పు వేసేసుకుంటాడు. గొడవ పడటానికి సమయమేదీ?

ఇంకోరోజు అన్నదమ్ములిద్దరు గోడ తగాదా తేల్చుకోవడానికి వచ్చారు. ఒకడు మెడనరాలు ఉబ్బేలా అరిచాడు. రెండోవాడు టేబుల్ గుద్ది అరిచాడు. ఎవరికీ ఏమీ వినపడలేదు. అవతలివాడు ఒప్పేసుకున్నాడని ఇద్దరూ అనుకుని, కావిలించుకుని వెళ్లిపోయారు. ఇదే కోర్టులో అయితే మనవల కాలం దాకా నడిచేది. ప్రతి కోర్టు హాల్లో ఒక డ్రమ్స్ సెట్టు పెట్టించమని నేను ప్రభుత్వానికి మనవి చేస్తున్నాను.

వడ్డించే పెద్దమనిషి సంగతి చెప్పాలి. మీరు కోడి అంటారు, అతను చేప తెస్తాడు. మీరు చేప అంటారు, బిల్లు తెస్తాడు. వచ్చింది తిని నోరు మూసుకుని వెళ్లడమే. సన్యాసులు అడవుల్లో ఏళ్ల తరబడి కూర్చుని సాధించే వైరాగ్యం ఇక్కడ సూపుతో పాటు ఫ్రీ!

ఇక మా ఆవిడ. ఆమె చెవి గురించి మీకు చెప్పాలి. మా ఫారంలో గుడ్లు ట్రేల్లో సర్దేది ఆమే. రెండేసి గుడ్లు చేతిలోకి తీసుకుని ఒకదానికొకటి తాకిస్తుంది. ఆ చిన్న టిక్కుమనే చప్పుడుని బట్టి పెంకులో వెంట్రుకంత పగులున్నా పక్కన పెట్టేస్తుంది. కంటితో చూస్తే నాకు కనపడదు. అలాంటి చెవి ఉన్న మనిషిని తీసుకెళ్లి స్పీకరు పక్కన కూర్చోబెట్టాను. ఏం తక్కువ చేశాను?

ఆమె మాట్లాడేది. పెదాలు కదలడం కనపడేది. చేతులు కదిపేది. వేళ్ల మీద ఏవో లెక్కపెట్టి చూపించేది. నేను తలాడించేవాణ్ణి. ఈ తలాడింపు కూడా ఒక విద్య. పైకీ కిందకీ ఊపితే అవుననుకుంటారు, అటూ ఇటూ ఊపితే కాదనుకుంటారు. రెంటికీ మధ్యన, గాలికి ఊగుతున్నట్టు ఊపాలి. ఈ విద్య తెలిసినవాడు ఏ నెలాఖరునైనా దాటేస్తాడు.

అలా నెలాఖరుకి ముందు చివరి శనివారం వచ్చింది.

ఆ రోజు ఆమె ఏమీ మాట్లాడలేదు. నిదానంగా భోజనం ముగించింది. చెయ్యి తుడుచుకుంది. పాట అయిపోగానే లేచి, సరాసరి స్టేజీ దగ్గరికి నడిచింది. పాటలు పాడే అమ్మాయి వంగి చెవి ఇచ్చింది. ఏదో పాట అడుగుతోంది కాబోలు అనుకున్నాను. పాపం, ఆమెకీ అలవాటైపోయింది, ఇక గండం గడిచినట్టే అని ఇంకో చేప ముక్క వేసుకున్నాను.

పాటల అమ్మాయి మైకు తీసుకుంది.

"స్పీకరు పక్కన కూర్చున్న నీలం చొక్కా అన్నగారూ! మిమ్మల్నే! వదినగారు ఒక మాట అడగమన్నారు. హాస్టల్లో వార్డెన్ పనికి వెళ్లనా, వద్దా? తలాడిస్తే చెల్లదట. నోటితో చెప్పాలట. వద్దంటే ఎందుకు వద్దో కూడా చెప్పాలట!"

నాలుగు స్పీకర్లూ ఒక్కసారే అడిగాయి.

హోటలు మొత్తం చెంచాలు కింద పెట్టేసింది. డ్రమ్స్ వాయించేవాడు పుల్లలు ఒళ్లో పెట్టుకుని నా వైపు చూస్తున్నాడు. గుమస్తా గారి భార్య ఫోన్ పక్కన పెట్టి, సొంత గొంతుతో, "వెళ్లనివ్వండి అన్నయ్యా!" అని అరిచింది. "అలా ఎలా వెళ్తుందమ్మా, ఇంట్లో వంటెవరు చేస్తారు?" అన్నాడు ఇంకెవరో. "నీకు చేతుల్లేవా?" అని అతని భార్యే అతన్ని అడిగింది. అక్కడ వేరే యుద్ధం మొదలైంది.

వడ్డించే పెద్దమనిషి ఆర్డరు ఇవ్వకుండానే మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. అతను సరైన టేబులుకి సరైనది తేవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నేను మైకు పట్టుకున్నాను. ఎన్నో కారణాలు అనుకుని పెట్టుకున్నాను. ఫారం పని ఉంది, ఆమెకి మోకాలి నొప్పి ఉంది, పట్నం నీళ్లు పడవు. ఒక్కటీ రాలేదు. నోట్లోంచి వేరేదేదో వచ్చింది.

"నువ్వెళ్లిపోతే మనింట్లో మాట్లాడేదెవరు?"

నా గొంతు అంత పెద్దగా ఉంటుందని నాకే తెలీదు. గోడలకి తగిలి తిరిగొచ్చి నన్నే అడిగింది.

మా ఆవిడ స్టేజీ దగ్గర నుంచే నా వైపు తిరిగింది. "అయితే ఇన్నాళ్లూ వింటూనే ఉన్నారన్నమాట" అంది. మైకు లేకుండానే వినపడింది.

"వింటూనే ఉన్నాను."

"మరి వెళ్లనా?"

"వెళ్లు" అన్నాను.

చప్పట్లు కొట్టారు. డ్రమ్స్ వాడు పండగ చేసుకున్నాడు. ఆ తర్వాత ఎవరేమన్నారో నాకు వినపడలేదు.

ఆమె వెళ్లింది. ఇప్పుడు మా ఇంట్లో నిశ్శబ్దం బ్రహ్మాండంగా ఉంది. మాట్లాడాలి అనేవాళ్లు లేరు. నీళ్ల పైపు ఎప్పుడు కావాలంటే అప్పుడే చూసుకుంటున్నాను. అది బాగానే ఉంది. రోజూ వెళ్లి చూస్తున్నా బాగానే ఉంటోంది.

సాయంత్రం పూట ఫోన్ చేస్తాను. అవును, నేనే చేస్తాను! హాస్టల్లో అది భోజనాల వేళ. గిన్నెల మోత, మెట్ల మీద పరుగులు, ఎవరి తువ్వాలు ఎవరో తీశారని పంచాయతీ.

"ఏంటండీ? వినపడట్లేదు! గట్టిగా చెప్పండి!"

"ఏం లేదు!"

"ఏం లేకపోతే ఎందుకు చేశారు? ఏయ్, ఆ బకెట్ అక్కడ పెట్టకండమ్మా, జారిపడతారు! మీరు చెప్పండి."

"తిన్నావా అని!"

"అన్నారా? ఎవరన్నారు?"

పెట్టేస్తాను. ఇంతకీ చప్పుడు మేలుచేస్తుందని నేను రాసినదాంట్లో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోవడం లేదు. హాస్టల్లో ఆమె బాగుంది. గొంతులో హుషారు వినపడుతోంది. అది ఆమెకి మేలే కదా?

కాకపోతే ఒక చిన్న ఇబ్బంది. మొన్న శనివారం ఆమె వస్తోందని బావమరిదికి ఫోన్ చేసి, పాటలు లేని హోటల్ చెప్పమన్నాను.

"మ్యూజిక్ లేకుండానా? అక్కడ జనం ఏం చేస్తారు బావా?"

"మాట్లాడుకుంటారు."

"నువ్వా?" అని, చాలాసేపు నవ్వి, వెతికి చెప్పాడు. దానికి రెండే స్టార్లున్నాయి. గదిలో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను ఆ గుమ్మంలోనే వాడి తరఫున ఇంకో మూడు స్టార్లు వేసేశాను.

కూర్చున్నాం. మా ఆవిడ గొంతు బొంగురు పోయి ఉంది. "వారమంతా ఆ పిల్లల మీద అరిచి అరిచి అయిపోయింది" అంది. "ఈ పూట మీరు మాట్లాడండి. నేను వింటాను."

నా దగ్గర వారం నుంచి పోగైనవి చాలా ఉన్నాయి. కూర ఎలా మాడిందో ఉంది. గిన్నె ఎలా తోమానో ఉంది. పాలవాడు కొత్త బండి కొని, దాన్ని స్టాండు వేయడం రాక గోడకి ఆనించి పెడుతున్న సంగతి ఉంది. పక్కింటావిడ మా ఆవిడ గురించి రోజూ అడుగుతుంటే, ఆ వంకతో నేనూ రోజూ ఆమె గురించి మాట్లాడుతున్న సంగతి ఉంది. గొంతు సవరించుకుని, "సంగతేంటంటే" అన్నాను.

అప్పుడే మూలన ఒక మనిషి కీబోర్డు మీద కప్పిన గుడ్డ తీశాడు. వైరు గుచ్చాడు. "హలో, హలో, మైక్ టెస్టింగ్" అన్నాడు. ఇక్కడ శనివారాలు మాత్రం పాటలుంటాయట. బావమరిది చూసుకోలేదు.

నేను లేచి నిలబడి చెయ్యెత్తాను.

"ఏం పాట కావాలి సార్?" అని మైకులో అడిగాడతను.

"ఏ పాటా వద్దు నాయనా. మేం మాట్లాడుకోవడం అయ్యేదాకా కాస్త ఆగు!"

"అలాగే సార్" అన్నాడు, మర్యాదస్తుడు. "ఎప్పటికవుతుంది?"

"ఏం చెప్పను బాబూ?" అన్నాను. "ఇప్పుడేగా మొదలుపెట్టాం!"