మొదట చెప్పినవారు

ఇకమీదట ఏ విద్యార్థీ ఆధారం లేని మాట నమ్మరాదని విద్యామంత్రిగారు ప్రకటించారు. వెంటనే అందరూ నమ్మేశారు.

ఆ మహదాశయం కోసం కాలేజీ లైబ్రరీ హాల్లో పరిశోధన నైపుణ్యాల కేంద్రం వెలిసింది. బీరువాలు అడ్డమని పుస్తకాలను సైకిల్ స్టాండుకు తరలించి, ప్రొజెక్టరు బిగించారు.

అక్కడ పాఠం చెప్పే బాధ్యత కాంట్రాక్టు లెక్చరరు మీద పడింది. ఏటా సెలవులకు ముందు అతని ఉద్యోగం ఊడేది, సెలవులయ్యాక మళ్లీ పుట్టేది. ఆ మధ్యకాలంలో తానెవరో అతనికే సరిగా అంతుపట్టేది కాదు. ప్రారంభోత్సవం సజావుగా జరిగితే పర్మనెంటు చేయిస్తానని ప్రిన్సిపాల్ మాటిచ్చిన రోజు నుంచి, తల దువ్వుకునేటప్పుడు కూడా అద్దం ముందు నిటారుగా నిలబడుతున్నాడు.

మంత్రిగారి ఎదుట నమూనా పాఠం జరిగింది. ఒక వాక్యం తీసుకుని, దాన్ని మొదట ఎవరన్నారో వెతుక్కుంటూ వెనక్కి వెళ్లాలి. వాక్యం ప్రిన్సిపాలే దయచేశారు: 'మన కాలేజీ లైబ్రరీ దేశంలోకెల్లా పెద్దది.'

అడిగిన ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేస్తుందని క్లాసంతా 'ఎందుకమ్మ' అని పిలిచే అమ్మాయి లేచింది. ఈ మాట పేపర్లో ఉందట. పేపరువాళ్లకు కాలేజీ బ్రోచరు ఆధారమట. బ్రోచరుకు ప్రిన్సిపాల్ గారి ఉపన్యాసం, ఆయనకేమో కిందటేడు మంత్రిగారు అన్న మాట.

"మరి నేనెక్కడ విన్నానయ్యా?" అని మంత్రిగారు పీఏను అడిగారు.

"పేపర్లో చదివారు సార్."

ఎందుకమ్మ ఇంకా కూర్చోలేదు. "సార్, స్టాండుకెళ్లి పుస్తకాలు లెక్కపెట్టుకు రానా?"

లెక్చరరు లోపల ఇద్దరు లేచారు. ఒకడు పాఠం చెప్పేవాడు, రెండోవాడు సెలవులంటే హడలిపోయేవాడు. రెండోవాడే ముందు మైకు అందుకున్నాడు.

"కూర్చోమ్మా. ఇన్ని చోట్ల ఉంది, ఒక్కరూ కాదనలేదు. ఇంకేం రుజువు కావాలి?"

మంత్రిగారు కరిగిపోయి అతన్ని కౌగలించుకున్నారు. ఇంతటి మేధావి కాంట్రాక్టులో మగ్గడమేమిటి, ఈ క్షణం నుంచి పర్మనెంటు అన్నారు. హాలు చప్పట్లతో మోగింది. గేటు దగ్గర విలేకరి అడిగితే, లెక్చరరు సిగ్గుపడుతూనే ఆ సంగతి చెప్పాడు. మర్నాడు పేపర్లో వచ్చింది. ఆర్డరేదని భార్య అడిగితే, అంతటివాడు నోటితో అన్నాక కాగితమెందుకన్నాడు.

సెలవులొచ్చాయి. ఉద్యోగం అలవాటు ప్రకారం ఊడింది.

పేపరు కటింగు పట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు. ఆయన అప్పటికే మంత్రిగారి ఆఫీసుకు ఫోన్ చేశారట. అలాంటి మాట అన్నట్టు తమకు గుర్తు లేదని, ఆధారం పంపమని వాళ్లు అన్నారట. ప్రిన్సిపాల్ కళ్లద్దాలు పెట్టుకుని కటింగు శ్రద్ధగా చదివారు.

"'తనను పర్మనెంటు చేశారని లెక్చరరు తెలిపారు.' అంటే ఈ మాట మొదట అన్నది మీరే కదండీ."

హాలు నిండా జనం విన్నారన్నాడు లెక్చరరు. తామూ విన్నామని, ఎవరూ కాదనడం లేదని ప్రిన్సిపాల్ ఓదార్చారు.

"మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పేసిందండీ," అన్నాడు లెక్చరరు నీరసంగా.

ప్రిన్సిపాల్ ముఖం విప్పారింది. "చూశారా, అప్పుడే ఎన్ని చోట్ల ఉందో. సెలవులయ్యాక కనిపించండి."